ఒడ్డుకు నడిచే పోగు

ముందు మగ్గం చప్పుడు వినిపించింది.

బెంజ్ సర్కిల్ దగ్గర మేడ అది. కింద చెప్పుల కొట్టు, దాని మీద చీటీల కంపెనీ, ఆ పైన వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసు. ఉద్యోగంలో చేరే రోజున జుబియా మెట్లెక్కుతూ మలుపులో ఆగిపోయింది. పైనుంచి టక్కు, టక్కు, మధ్యలో ఊపిరి తీసుకున్నంత సందు, మళ్ళీ టక్కు. తండ్రి అబ్దుల్ రవూఫ్ వన్‌టౌన్‌లో నేతచీరల వ్యాపారి. చిన్నప్పుడు ఆయన స్కూటరు మీద ముందు నిలబడి నేతవాళ్ళ ఊళ్ళన్నీ తిరిగిన పిల్లకు ఆ చప్పుడు కొత్తేమీ కాదు. కానీ ఊళ్ళల్లో అది నేలలోంచి, మగ్గం గుంటలోంచి వచ్చేది. ఇక్కడ రోహిణి ఎండలో తెల్లగా కాలిపోతున్న మేడ మీదనుంచి, గాలిలోంచి వస్తోంది.

తలుపు తోసింది. లోపల మగ్గం లేదు. కిటికీ పక్కన బక్కపలచని మనిషి ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. వేళ్ళు కీబోర్డు మీద కదులుతున్నాయి. బల్ల కింద చెప్పులు విడిచిన పాదాలు రెండూ, అక్కడ లేని తొక్కుడు చెక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతున్నాయి. ఆ ఊపుకి బల్ల కాలు నేలకు తగులుతోంది.

“కంగారుపడకమ్మా,” అన్నారు యజమాని వెంకటకృష్ణారావు గారు అద్దాల గదిలోంచి. “సత్యం గారి కాళ్ళు ఇంకా పెడనలో మగ్గం దగ్గరే ఉన్నాయి. మనం జీతమిచ్చేది చేతులకే.”

సత్యం తల తిప్పి ఆమెను చూశాడు, నవ్వలేదు. పాదాలు మాత్రం తప్పు చేసిన పిల్లల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊరుకున్నాయి.

అది రెండువేల నాలుగు. ఆగస్టులో కృష్ణా పుష్కరాలు. ఊరంతా ఘాట్లకు సున్నాలు, బస్టాండుకు రంగులు వేస్తున్నారు. ఆఫీసుకు అప్పుడే ఒక నేత సంఘం పని వచ్చింది. ఊళ్ళనుంచి నేతవాళ్ళు పంపే అంచుల నమూనాలను వెబ్‌సైట్లో పెట్టాలి. ఒకరి నమూనా ఇంకొకరు పంపితే ప్రోగ్రామే పట్టుకుని వెనక్కి తిప్పాలి. ప్రోగ్రాము రాసే భాష పీహెచ్‌పీ. పోలిక భాగం జుబియాకు అప్పగించారు. నేర్పే పని సత్యానిది.

మగ్గాన్ని అంకెల్లోకి దించే పద్ధతి అతనిదే. అంచులో ఒక్కో వరస తీసుకుని, బట్ట చివరనుంచి లోపలికి, పోగు పోగుకీ ఒక అంకె రాయడం. మామూలు పోగైతే సున్నా, జరీ తేలితే ఒకటి, రంగు పోగు తేలితే రెండు. అలా ఒక వరస బారెడు అంకెల దండ అవుతుంది. ఆ దండనే వాళ్ళు స్ట్రింగ్ అంటారు.

“రెండు దండలు ఒకటేనా కాదా అని మిషను ఎలా చూస్తుందనుకుంటున్నావు?” అని అడిగాడు మొదటిరోజు. ఆమె పుస్తకంలో చదివింది చెప్పబోయింది. అతను సొరుగులోంచి రెండు అంచు ముక్కలు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచాడు. ఎడమ చూపుడువేలు ఒకదాని మొదటి పోగు మీద, కుడి చూపుడువేలు రెండోదాని మొదటి పోగు మీద ఉంచి కళ్ళు మూసుకున్నాడు. రెండు వేళ్ళూ ఒకే నడకతో కదిలాయి. చీకట్లో చేతులు పట్టుకుని నడిచే ఇద్దరు మనుషుల్లా వెళ్ళి వెళ్ళి ఒకచోట ఆగాయి.

“ఇక్కడ తేడా వచ్చింది. ఇక ముందుకు పోదు. ఆ తర్వాత అంచు ఎంత అందంగా ఉన్నా, ఎంత తగలబడిపోయినా దానికి పట్టదు. ఈ ఒక్కచోట ఏది పెద్దదో చెప్పేసి లేచిపోతుంది.”

ముందు ఇచ్చినది పెద్దదైతే సున్నాకు పైన ఒక అంకె. చిన్నదైతే సున్నాకు దిగువ, ముందు మైనస్ గీతతో ఒక అంకె. ఎక్కడా తేడా దొరక్క రెండు దండలూ ఒకేచోట ముగిసిపోతే ఉత్త సున్నా. ఆ సున్నా జుబియాకు నచ్చలేదు. పోలిక కుదిరితే అవునని చెప్పాలిగాని, ఏమీ లేదని చెప్పడమేమిటంది. నువ్వడిగింది తేడా గురించి కదా, లేదనే చెబుతోంది అన్నాడు సత్యం.

ఆ ఫంక్షన్లకు పెద్ద కుటుంబమే ఉందని తర్వాత తెలిసింది. ఇంగ్లీషు అక్షరం పెద్దదా చిన్నదా పట్టించుకోనిది ఒకటి. మొదటి కొన్ని అక్షరాలు చూసి చాలించుకునేది ఒకటి. రెండింటిలో కలిసిన భాగం నూటికి ఎంతో చెప్పేది ఒకటి. ఒకదాన్ని రెండోదిగా మార్చడానికి ఎన్ని దిద్దుబాట్లు కావాలో లెక్కగట్టేది ఇంకొకటి, దాని పేరు లెవెన్‌ష్టీన్.

“ఎవరండీ ఆయన?”

“ఎవరో రష్యా ఆయన. మనవైపు చుట్టం కాదులే.”

సత్యం అంతకుమించి హాస్యమాడటం ఆమె వినలేదు.

అతనికి ఏ రెండు వస్తువులు కనబడినా వేళ్ళు పక్కపక్కన ఆనించే అలవాటుంది. టీ గ్లాసుల అంచులు, బస్సు టిక్కెట్లు, ఆమె రెండు గాజులు. ఆ చూపులో ముచ్చట ఉండదు, దేనికోసమో వెతుకులాట ఉంటుంది. ఆ వెతుకులాట దేనికోసమో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం తెలిసింది. ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. తెరలన్నీ నల్లగా ఆరిపోయి, వాటిలో కిటికీ వెలుగు చిన్న చిన్న చెరువుల్లా తేలుతోంది. సత్యం నుదుటి చెమట తుడుచుకుని సొరుగులోంచి ఇంకో అంచు ముక్క తీశాడు. ఇది వాడిపోయింది, ఒకపక్క పీలికలుగా చిరిగి ఉంది. ఆమె చేతికివ్వలేదు, చూపించాడంతే.

అది అతని అక్క నేసింది. పేరు బాలత్రిపురసుందరి. వాళ్ళింట్లో ఒక అలవాటు ఉండేది. ఎంత బాగా వచ్చిన చీరకైనా అంచులో జరీ ఉండాల్సిన ఒక్కచోట నీలిపోగు తేల్చేవాళ్ళు. దిష్టిపోగు అనేవాళ్ళు దాన్ని. తల్లి సంపూర్ణమ్మ ఎప్పుడూ ఒకేచోట వేసేది. అక్క అలా కాదు. చీర చీరకీ దాన్ని ఒక్క పోగు పక్కకి జరిపేది, ఎప్పుడూ బట్ట చివర వైపే. ఎందుకక్కా అని తమ్ముడు అడిగితే, ఒడ్డుకు నడుస్తోందిరా అనేది. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. తల్లికి కూడా చెప్పలేదు.

తొంభైలో, మే నెల తుఫానులో నీళ్ళు ముందు మగ్గం గుంటలోకి వచ్చాయి. అక్క మగ్గం మీది చీర కోసి ఒంటికి చుట్టుకుంది. ఆ చీర పాడైతే వారం తిండి పోతుంది మరి. గోడ కూలాక ఇద్దరూ నీళ్ళల్లో పడ్డారు. అతని చేతికి చీర చెంగు దొరికింది. పట్టుకున్నాడు. అవతల ఆమె బరువు కాసేపు తెలిసింది. తర్వాత బట్ట చిరిగిన చప్పుడు. అంత గాలిలో, అంత నీళ్ళల్లో, ఆ చిన్న చప్పుడే అతనికి స్పష్టంగా వినిపించింది. తెల్లారాక చూస్తే పిడికిట్లో ఈ ముక్క ఉంది.

మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. సంపూర్ణమ్మ కూతురికి కర్మ చెయ్యనివ్వలేదు. తాను పోయేముందు కొడుకు చేత చేతిలో చెయ్యి వేయించుకుంది, కళ్ళతో చూడందే దాన్ని చచ్చినవాళ్ళలో కలపొద్దని. సత్యం విజయవాడ వచ్చి బట్టల కొట్లో మడతలు పెట్టాడు, టైపు నేర్చుకున్నాడు, పెళ్ళి కార్డులు డీటీపీ చేశాడు, కంప్యూటర్ సెంటర్లో చేరాడు. పద్నాలుగేళ్ళు గడిచాయి. ఇప్పుడు పుష్కరాలు వస్తున్నాయి. పోయినవాళ్ళందరికీ కృష్ణ ఒడ్డున పిండాలు పెట్టే పన్నెండేళ్ళ పండగ. బాబాయి బసవయ్య వారానికోసారి ఫోను చేసి, ఆ పిల్ల ఆత్మ ఎన్నాళ్ళని నీళ్ళల్లో నానుతుందిరా, ఈసారైనా పిండం పెట్టు అంటున్నాడు.

“పెడితే పోయినట్టే,” అన్నాడు సత్యం. “పెట్టకపోతే, నిజంగా పోయి ఉంటే, దిక్కులేకుండా తిరుగుతున్నట్టు. ఏదీ తేలలేదమ్మా నాకు.”

కరెంటు వచ్చింది. తెరల్లోని చెరువులు ఒక్కసారిగా మాయమయ్యాయి.

జులైలో ప్రోగ్రాము నడవడం మొదలుపెట్టింది. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి సత్యం మొట్టమొదట ఎక్కించిన నమూనా తన దగ్గరున్న ముక్కదే. అది అక్కడే ఉండిపోయింది. పోలిక భాగం జుబియా ఒక్కతే రాసి, ఒక్కతే ఎక్కించింది.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు పామర్రు అవతలి ఊరినుంచి మల్లీశ్వరి అనే నేతామె వచ్చింది. చంకలో చీర మూట. తన నమూనా కాపీ అని సంఘంవాళ్ళు వెనక్కి పంపారట. వెంకటకృష్ణారావు గారు కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. జుబియా తెర మీద వెతికితే సమాధానం వచ్చింది. ఈ నమూనా ఇదివరకే ఉంది, ఒక్క వరస కూడా తేడా లేదు. కలిసింది సత్యం ఎక్కించిన ఆ చిరిగిన ముక్కతో. సత్యం వెనకనుంచి వచ్చి తెర చదివాడు.

అక్క నేసినలాంటి గుడిమొనల అంచు, గోపురాల కొసలు వరసగా పేర్చినట్టుండేది, ఇంకెవరూ నేయరు. నేసినా నీలిపోగుతో సహా అదే చోట కుదరదు. సత్యం కుర్చీ లాక్కుని మల్లీశ్వరి ఎదురుగా కూర్చున్నాడు.

“అమ్మా, నిజం చెప్పు. తుఫానుకి కొట్టుకొచ్చిన బట్ట ఎక్కడన్నా దొరికిందా నీకు? దాన్ని చూసి నేశావా?”

లేదు బాబుగారూ అంది. మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ఇదంతా తాను నేసింది కాదని, మొదలు తనది కాదని అప్పుడు చెప్పింది. ఒకరోజు పొద్దున్నే పాక తలుపుకు తాళం వేసి పామర్రు సంతకు వెళ్ళిందట. మధ్యాహ్నం వచ్చి తాళం తీస్తే, మగ్గం మీద జానెడు అంచు కొత్తగా నేసి ఉంది. పక్కింటి తెరేసమ్మ వచ్చి, ఏంటే, సంతకన్నావు, పొద్దుటినుంచీ మగ్గం ఆడుతూనే ఉందే అంది. భయమేసింది. కానీ పని అంత బాగుంటే విప్పబుద్ధి కాలేదు. దాన్నే చూసుకుంటూ చీర పూర్తి చేసింది.

“ఎవరితో అంటే ఏమనుకుంటారోనని చెప్పలేదండీ. కాపీ అంటే మాత్రం ఒప్పుకోను. నేనెవర్నీ చూసి నెయ్యలా.”

మల్లీశ్వరి చెప్పినదాన్ని సత్యం నమ్మాడో లేదో జుబియాకు తెలియలేదు. అతను చూస్తున్నది తెరనే. సున్నా. ఏ తేడా లేదు. అక్క బతికి ఉండి నేస్తే పోగు జరిగి ఉండాలి. జరగలేదంటే, ఎవరి చేతులో తెలియదుగాని, ఆ చేతులు చూసింది ఆ రాత్రి అక్కతో నీళ్ళల్లోకి పోయిన చీరనే. అంతకుమించి పోగు నడవలేదు. మనిషీ నడవలేదు.

అతను ఫోను దగ్గరికెళ్ళి బసవయ్యకు కలిపాడు. సరే బాబాయ్, పిండం పెడదాం, బ్రాహ్మణ్ణి చూడు అన్నాడు. చాలా మామూలుగా, కిరాణా కొట్టుకు సరుకులు చెప్పినట్టు. తర్వాత వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

జుబియా అతని సొరుగు తెరిచింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. ఇన్నాళ్ళూ చేతికివ్వని ఆ ముక్కను బల్ల మీద పరిచి, మల్లీశ్వరి చీర అంచును దాని పక్కకు లాగింది. అతను నేర్పినట్టే రెండు వేళ్ళు మొదటి పోగుల మీద ఉంచి కళ్ళు మూసుకుంది. వేళ్ళు నడిచాయి. సన్నటి జరీ గరుకు, మళ్ళీ గరుకు, మళ్ళీ. చాలా లోపలికి వెళ్ళాక ఒక వేలికి నూలు మెత్తగా తగిలింది. రెండో వేలికి ఇంకా జరీయే.

కళ్ళు తెరిచింది. నీలిపోగు రెండింటిలోనూ ఉంది. కానీ ఒకేచోట లేదు.

తెర చూస్తే ఏ తేడా లేదంటోంది. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని తాను రాసిన ప్రోగ్రాము వరసలు చదివింది. పోలిక దగ్గర రెండు సమానం గుర్తులు పెట్టి ఊరుకుంది. సులువుగా ఉంటుందని. పీహెచ్‌పీలో రెండు సమానం గుర్తులకు ఒక వింత స్వభావముంది. రెండువైపులా ఉన్నవి ఉత్త అంకెలైతే వాటిని దండలుగా చూడదు, రెండు పెద్ద సంఖ్యలుగా మార్చేసుకుంటుంది. అంత పెద్ద సంఖ్యను పూర్తిగా మోయలేదు. మొదటి పదిహేను, పదహారు అంకెలు గుర్తుంచుకుని, ఆ తర్వాతవి చీకట్లో వదిలేస్తుంది. దిష్టిపోగు ఉన్నది ఆ చీకట్లోనే.

“సత్యం గారూ,” అని పిలిచింది. “సున్నా కాదండీ. తప్పు నాది. తేడా ఉంది.”

అతను వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె రెండు గుర్తులూ చెరిపేసి, పోగు పోగూ చూసే ఫంక్షన్ పెట్టింది. తేడా ఉంటే చాలదని, వేళ్ళ సాక్ష్యమూ చాలదని ఇద్దరికీ తెలుసు. అక్క అంతకుముందు నేసిన చీరలు ఎన్నో ఊళ్ళల్లో అమ్ముడుపోయాయి. పోగు వెనక్కి, లోపలికి ఉంటే ఆ పాత చీరల్లో ఒకదాన్ని ఎవరో చూసినట్టు. ముందుకు, చివర వైపుకు జరిగి ఉంటే అది ఆ రాత్రి తర్వాత నేసింది. చివరనుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ముందుకు జరిగిన పోగే ముందు తగులుతుంది. అక్కడ కొత్తదానికి రెండు, పాతదానికి ఇంకా ఒకటి. అప్పుడు కొత్తది పెద్దది.

“ముందు ఏది పెట్టావు?” అన్నాడు సత్యం. రెండూ తారుమారైతే గుర్తూ తారుమారవుతుంది.

“కొత్తదే.”

“ఇంకోసారి చూడు.”

చూసింది. కొత్తదే. మీట నొక్కింది. తెర మీద ఒక అంకె వచ్చింది. దానికి ముందు ఏ గీతా లేదు.

ఒకటి.

మల్లీశ్వరికి ఏమీ అర్థంకాక, నా చీర సంగతేంటండీ అంది. నీది కాపీ కాదమ్మా అన్నాడు సత్యం. ఆమె మూట కట్టుకుంటుంటే ఆ ముడి వైపే చూస్తూ, మీ ఊరికి ఏ బస్సెక్కాలని అడిగాడు.

మర్నాటినుంచి అతను ఆఫీసుకు రాలేదు. పిండం మాట మానుకోమని బసవయ్యకు ఫోనులో చెప్పాడట. బసవయ్య ఆఫీసుకే వచ్చి వెంకటకృష్ణారావు గారి ముందు తల కొట్టుకున్నాడు. బంగారంలాంటి కుర్రాడికి కంప్యూటరు గాలి సోకిందన్నాడు. వెంకటకృష్ణారావు గారు వేళాకోళం ఆడలేదు.

పుష్కరాలు మొదలయ్యాక జుబియా ఒకరోజు బందరు బస్సెక్కింది. విజయవాడకు వచ్చే బస్సులన్నీ మనుషులతో పొంగుతున్నాయి, గుమ్మాల్లో వేలాడుతున్నారు, తలలకు తడి తుండ్లు. ఆమె ఎక్కిన బస్సులో మాత్రం అన్నీ ఖాళీ సీట్లు. కంకిపాడు దాటాక రోడ్డుకిరువైపులా నీళ్ళు పెట్టిన మళ్ళు. ఆకాశం వాటిలో తలకిందులుగా పడుకుని ఉంది. కనుచూపు మేర మనిషి లేడు. ఎవరో ఊళ్ళన్నిటినీ తుడిచి నదిలో కలిపేసినట్టుంది.

మల్లీశ్వరి పాక ముందు అరుగు మీద సత్యం కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. కానీ ఆమె అంతకుముందు ఎన్నడూ చూడని నెమ్మది ఉంది ముఖంలో. కూర్చోమని జరిగి చోటిచ్చాడు. పోలిక భాగం బాగా నడుస్తోందా అని అడిగాడు. మూడు సమానం గుర్తులు వాడితే మార్చకుండా ఉన్నది ఉన్నట్టే చూస్తుందని, అది కూడా రాసుకోమని చెప్పాడు.

మల్లీశ్వరి ఆమెను లోపలికి తీసుకెళ్ళింది. గొంతు తగ్గించి, ఆయనే నేస్తున్నాడని మొదట్లో తనూ అనుకున్నానంది. తాళం వేసేది తనే, తాళంచెవి తన కొంగునే ఉంటుంది. ఆయన అరుగు దిగడు. ఏ పొద్దున తాళం తీసినా మగ్గం మీద కాస్త బట్ట పెరిగే ఉంటుంది. సంఘానికి పంపబుద్ధి కావడం లేదు, కొయ్యడానికి చెయ్యి రావడం లేదు.

జుబియా వంగి చూసింది. గుంటలో మట్టి తడిగా ఉంది. గుడిమొనల వరసలు ఒకదాని తర్వాత ఒకటి, ప్రతి వరసలోనూ నీలిపోగు. ఇప్పుడు చీర చీరకీ కాదు, జానెడు జానెడుకీ ఒక పోగు ముందుకు. తొందరలో ఉన్న మనిషి నడకలా ఉంది. ఆమె వేలు ఆ పోగుల వెంట వెళ్ళింది. బట్ట చివరకు ఇక కొద్ది పోగులే మిగిలి ఉన్నాయి.

బయటికొచ్చింది. ఎండ దిగుతోంది. అరుగు దగ్గర నిలబడి, అది చివరిదాకా వచ్చేస్తే ఏమవుతుందండీ అని అడిగింది. సత్యం పాక తలుపు వైపు చూస్తూ, ఆమె అరుగు మీద పెట్టిన గొడుగు తీసి అందించాడు.

“అందుకేగా కూర్చున్నాను, ఒడ్డున ఎవరో ఒకరు ఉండాలిగా. నువ్విక వెళ్ళమ్మా, బస్సు దొరకదు మళ్ళీ. కొత్త మనుషులుంటే అక్క మగ్గం ఎక్కదు.”